జింకల తోలు

డబడబడబ!

రేకు డబ్బా మోతకు గడ్డి మేస్తున్న జింకలన్నీ ఒక్కసారి తలలెత్తాయి. మరుక్షణం గోడకున్న గండిలోంచి అడవిలోకి దూకేశాయి.

రాజ్యం చేతిలోని క్యాబేజీ ఆకులు చేతిలోనే ఉండిపోయాయి. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

మండదూ మరి? ఉప్పల్లో కొత్త స్టేడియం కట్టిన ఏడు, అడవి పక్కన వెలిసిన ఆ కాలనీకి గోదావరి జిల్లా నుంచి వచ్చి పడింది. పలకరించే దిక్కు లేదు. మురిక్కాలువ పక్కన ఏపుగా పెరిగిన గడ్డి కోసం వచ్చే ఆ జింకలే ఆవిడకు చుట్టాలు.

అందులో చూడితో ఉన్న ఓ చుక్కల జింకయితే గేటు దాకా వచ్చేది. దానికి 'బంగారం' అని పేరు పెట్టుకుంది. అది క్షేమంగా ఈనితే చాలని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేది.

సరిగ్గా చీకటి పడే వేళకు ఈ మనిషి ఊడిపడతాడు. తలకు తువ్వాలు, చేతిలో డబ్బా. నోరులేని వాటిని తిననివ్వడు!

ఆ రోజు ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"ఎవరయ్యా నువ్వు? ఇక్కడేం పని నీకు?"

"జింకల తోలుడమ్మా."

జింకల తోలా!

"రోజూ... ఇదే పనా?"

"దినాం గదే పని. పొద్దుమూకితే ఇంట్ల పానం నిలవది."

"ఎక్కడికి పంపిస్తావు?"

"గోడవతలికి. ఆడికి వోయినంక ఇగ ఫికరుండది."

అమ్మ బాబోయ్! సిగ్గూ ఎగ్గూ లేకుండా ఎలా చెబుతున్నాడో!

నాచారం ఫ్యాక్టరీ నుంచి భర్త నరసింహమూర్తి వచ్చీ రాగానే ఎదురెళ్ళింది.

"ఏమండీ, వాడు జింక తోళ్ళ వ్యాపారిట! వాడి నోటితోనే చెప్పాడు. ఇక్కడ డబ్బా కొట్టి బెదరగొడితే, గోడవతల ఉచ్చులు పన్నుకుని కూర్చుంటారు కాబోలు."

"ఎంతకు తెగించారే! ఉండు, పోలీసులకు చెబుదాం."

మర్నాడు అతను డబ్బా పట్టుకుని వచ్చేసరికి జీపు సిద్ధంగా ఉంది.

"నేనేం జేసిన సారూ?"

"స్టేషన్ల చెప్పుకో. నడువ్."

జీపెక్కుతూ కూడా అతను రాజ్యం వైపే చూశాడు.

"అమ్మా, గా డబ్బా జర మీరన్న కొట్టుండ్రి. యాల్లయితుంది..."

"చూశారా! అవతలివాళ్ళకు నన్నే సైగ చేయమంటున్నాడు!" అంది రాజ్యం. డబ్బా తీసి కాలువలోకి గిరాటేసింది.

ఆ సాయంత్రం డబ్బా మోగలేదు. జింకలు తాపీగా మేశాయి. బంగారం గేటు దగ్గరకొచ్చి ఆకులందుకుంది. రాజ్యానికి తనే కడుపునిండా తిన్నట్టయింది.

చీకటి పడింది. జింకలు కదల్లేదు.

కుక్కలొచ్చాయి. కోళ్ళ దుకాణాలవాళ్ళు చెత్త పారబోసే గుంట దగ్గర్నుంచి గుంపుగా, మొరగకుండా వచ్చాయి. మిగతా జింకలు ఎలాగో గండి దాటేశాయి. నిండు చూడితో ఉన్న బంగారం దాటలేకపోయింది.

రాజ్యం కేకలు పెడుతూ చీపురుకట్టతో పరిగెత్తింది. అప్పటికే అంతా అయిపోయింది.

తెల్లారి కళేబరాన్ని తీసుకెళ్ళడానికి అటవీ శాఖ గార్డు సారలమ్మ వచ్చింది. చూసి నెత్తి కొట్టుకుంది.

"నిన్న డబ్బా సప్పుడు గాలేదా? బిక్షపతి రాలేదా?"

"ఎవరూ, ఆ తోళ్ళవాడా? పోలీసులకు పట్టించాం కదా!"

"తోళ్ళేందమ్మా? తోలుడు! గొడ్లను తోల్తరు సూడు, గట్ల తోలుడు!"

రాజ్యం తను డబ్బా గిరాటేసిన కాలువ వైపు చూసింది.

"అడవిల గడ్డిపోస లేదు. ఈడ గడ్డున్నది గని కుక్కలున్నయి. ఆటి బతుకు గిట్లయింది. గందుకే పగటీలి కడుపునిండ మేయనిచ్చి, కుక్కలు జమయ్యే యాల్లకు అవుతలికి తోలెటోడు."

"అయ్యో తల్లీ!" రాజ్యం కూలబడి ఏడ్చేసింది. "మీ ఆఫీసు మనిషని ఒక్క మాట ముందే చెప్పుంటే..."

"మా ఆఫీసు మనిషెవలు? ఆయన బర్లకు గడ్డి అమ్ముకునే రైతు."

సారలమ్మ కాలువ పక్కనున్న పచ్చటి గడ్డి వైపు చెయ్యి చూపించింది.

"ఎండకాలమంత కొయ్యకుండ జింకలకు ఇడిసిపెట్టిన గా గడ్డి ఆయనదే."