దానంతటదే వచ్చే కాఫీ

"వీటిలో ఒకటి యంత్రం రాసింది. ఏదో చెప్పండి, మావయ్యా," అంటూ మేనకోడలు కాగితం బల్ల మీద పెట్టింది.

నిఘంటువు సంపాదకుడు కళ్లజోడు చొక్కా కొసతో తుడుచుకున్నాడు. చొక్కా ఇస్త్రీ మొహం చూసి వారమైనట్టుంది. అచ్చాఫీసు ఈమధ్యే మేనకోడలి చేతికొచ్చింది. వస్తూనే ఆ పిల్ల ప్రయోగ వాక్యాలు రాసే యంత్రాన్ని తెచ్చిపెట్టింది. పెళ్లయిన కొత్తలో ఒక నిఘంటువంతా ఒంటిచేత్తో రాసినవాణ్ణి, నాకు యంత్రం పోటీయా అని ఆయన మండిపడ్డాడు. దాని రాతను వాసన చూసి పట్టేస్తాననీ, పట్టలేకపోతే కుర్చీ ఖాళీ చేస్తాననీ అందరి ముందూ సవాలు కూడా విసిరాడు.

మాట 'ఆటోమేటిక్‌గా'. అర్థం, దానంతటదే, మనిషి చెయ్యి పడకుండా. కింద మూడు వాక్యాలు.

"ట్యాంకు నిండగానే మోటారు ఆటోమేటిక్‌గా ఆగిపోతుంది."

"చప్పగా ఉంది. మనిషిదే," అని పెదవి విరిచాడు.

"ఎవరైనా దగ్గరికి రాగానే తలుపు ఆటోమేటిక్‌గా తెరుచుకుంటుంది."

"ఇదీ అంతే."

మూడోది చదివి పగలబడి నవ్వాడు.

"పొద్దున లేచేసరికి కాఫీ ఆటోమేటిక్‌గా బల్ల మీదికొస్తుంది."

"దొరికింది దొంగ! కాఫీ దానంతటదే ఎలా వస్తుందే? పాలు పొంగకుండా కాపలా కాయాలి. డికాక్షన్ దిగేదాకా నిలబడాలి. అసలు పొడి డబ్బా ఎక్కడ తగలడిందో వెతుక్కోవాలి!" వేళ్లకున్న కట్టు ఆమె మొహం ముందు ఆడించాడు. "ఇదిగో, గిన్నె దించబోతే కాలింది."

"అత్తయ్య ఇంకా రాలేదా?"

"వాళ్లక్కింటికెళ్లి కూర్చుంది. ఫోన్ చేస్తే ఎత్తదు. ఆ గోల ఇప్పుడెందుకు?"

"తొందరపడకండి మావయ్యా. ఏ మనిషీ ఇలా రాయడంటారా?"

"సిగ్గున్నవాడెవడూ రాయడు! ఎదురుగా ఒక మనిషి చాకిరీ చేస్తుంటే చూడలేనివాడు మనిషేంటి, మరబొమ్మ! వంటింటి గడప తొక్కని తెలివి ఇది. దీనికా నా కుర్చీ ఇస్తావు?"

వాక్యాన్ని ఎర్ర కలంతో అడ్డంగా కొట్టేసి, కాగితం ఆమె మీదికి విసిరాడు. కాలు మీద కాలేసుకున్నాడు.

మేనకోడలు కాగితం మడతపెట్టింది. ఆమె నవ్వలేదు.

"అది మీ పాత నిఘంటువులోది, మావయ్యా."