పిండిమర అర్జీ

"పిండి ఆడించే రేటు సర్కారు పెట్టడమేంటి? ఇక మర మూసుకోవాల్సిందే!" పేపరు విసిరికొట్టాడు బావ.

"పేదల కోసం పెట్టారు. మీ పార్టీ ఓడిందని నీకు కడుపుమంట," అన్నాడు మరలో సగం వాటాదారైన బావమరిది.

అక్క మర ఆపి తమ్ముడివైపు తిరిగింది.

"పోయినేడు మీ బావ పార్టీ రేటు పెడితే, మర మూసుకోవాలని అరిచింది నువ్వేరా. పేదల కోసమన్నది ఈయన."

తమ్ముడు కిందపడ్డ పేపరు తీసి మడిచాడు.

"బావా, నిజం చెప్పు. ఈ రేటుకి మర నడుస్తుందా?"

"నడవదురా. పోయినేడూ నడవలేదు. నేనే ఒప్పుకోలేదు."

"నేనూ ఇప్పుడు అంతేగా."

ఇద్దరూ కూర్చుని అర్జీ రాశారు. ముందు ఎవరు సంతకం పెట్టాలన్న దగ్గర మళ్లీ గొడవ మొదలైంది.

అక్క కలం లాక్కుని ముందు తనే పెట్టింది.