దీవిలో కాకి నిద్ర

చేపల రేవులో గోల భరించలేక ఒక కాకి, కంటినిండా నిద్రపోదామని పడవెక్కి చిన్న దీవికి చేరింది. అక్కడ ఉన్నదల్లా ఓ ముసలి తాబేలు, నాలుగు కొంగలు, కాసిన్ని పీతల కుటుంబాలు. కొబ్బరిచెట్టు నీడన కాకి కన్ను మూసిందో లేదో, "ఏ ఊరు నాయనా? తిన్నావా?" అంటూ తాబేలు అవ్వ వచ్చింది. అవ్వ వెళ్లగానే కొంగలొచ్చాయి. ఆ తర్వాత పీతలు పిల్లాపాపలతో సహా దిగాయి. ఆ దీవిలో కొత్త ముఖం కనపడి ఎన్నాళ్లయిందో!

రెండు మూడు రోజులకి కాకి కళ్లు మంటలెత్తాయి. ఇక లాభం లేదని కాళ్లు చాచి చచ్చినట్టు పడుకుంది.

దీవంతా గొల్లుమంది. "బంగారంలాంటి పిల్లాడు, ఎంత ఓపిగ్గా మాట్లాడేవాడో!" అని అవ్వ కుళ్లికుళ్లి ఏడ్చింది. పీతలు గొయ్యి తవ్వి కాకిని అందులోకి దించాయి. మీద ఇసుక పడేసరికి కాకి దిగ్గున లేచింది.

"చావలేదవ్వా! కాస్త నిద్రపోదామని ఈ వేషం వేశాను," అంది సిగ్గుపడుతూ.

"పిచ్చి సన్నాసీ, ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!" అని అవ్వ కళ్లు తుడుచుకుంది. "ఎవరూ నోరెత్తకండర్రా, పిల్లాడు పడుకుంటాడు."

అన్నీ చుట్టూ చేరి, ఊపిరి బిగబట్టి, కాకి ముఖంలోకే చూస్తూ కూర్చున్నాయి. కాకి మెల్లిగా ఒక కన్ను తెరిచింది.

"ఇంకా నిద్ర పట్టలేదు, పాపం," అని ఓ పీత గుసగుసలాడింది.