అప్పుడే మింగకు

మిరపకాయ బజ్జీ పెదాల దాకా వచ్చాక ఎవరో పిలిచారు.

"అబ్బాయ్, అదెలా ఉందో కాస్త చెప్పవూ?"

ఎడ్వర్డ్ ఉలిక్కిపడి చెయ్యి దించేశాడు.

బీచ్ రోడ్డు గట్టు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి, వదులు చొక్కా. కళ్ళు మాత్రం బజ్జీ మీదే.

"ఇంకా తినలేదు మాస్టారూ."

"తినకముందే చెప్పు. చూస్తే ఎలా ఉంది?"

వింత మనిషి అనుకున్నాడు ఎడ్వర్డ్. అయినా చెప్పాడు. పైన కరకరలాడే పిండి, లోపల వాము, నిమ్మకాయ పిండిన ఉల్లిపాయ ముక్కలు...

"ఆగు. వాము దగ్గర ఆగు. అప్పుడే మింగకు."

ఎడ్వర్డ్ చెబుతూ ఉండగానే సముద్రం మీద వెలుగు మారిపోయింది. రేవులోకి వెళ్ళే వంతు కోసం ఆగిన ఓడల్లో దీపాలు ఒక్కొక్కటీ వెలిగాయి. చేతిలో బజ్జీ చల్లారింది. చిత్రంగా, దాన్ని తినాలన్న కోరికా చల్లారింది.

కుక్కకు వేసేశాడు.

"నాను తినకూడదు మాస్టారూ," అన్నాడు, ఎందుకో ఆయనకి చెప్పాలనిపించి. "మా సెల్లి ఫెబాకి లివరు పాడైపోనాది. నాది ముక్క ఇత్తానన్నాను. సూత్తే నా లివరుకే కొవ్వు పట్టీసిందంట. బరువు తగ్గితేగానీ ఆపరేషన్ సెయ్యరంట."

"రోజూ ఇటే వస్తావా?"

"నడవమన్నారు డాక్టరు. నడుత్తుంటే ఈ బళ్ళన్నీ పేరెట్టి పిలస్తన్నాయ్."

పెద్దాయన నవ్వాడు. తన పేరు అచ్యుతరామయ్య అన్నాడు. గోదావరి వైపు నుంచి స్టీల్ ప్లాంట్ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట.

"రేపు కూడా రా. ఏది తినాలనిపిస్తే అది నాకు చెబుదువుగాని."

అలా మొదలైంది.

పోర్టులో క్రేన్ డ్యూటీ దిగి, ఎడ్వర్డ్ తిన్నగా బీచ్‌కి వచ్చేవాడు. మల్కాపురంలోని ఇంట్లో భార్య రోజలిన్ చిన్న కప్పుతో కొలిచి అన్నం పెట్టేది. ఉప్పూ నూనే తగలని కూర వేసేది. ఆ తిండితో సాయంత్రానికి ఒళ్ళు తేలిపోయేది. క్రేన్ మీంచి చూస్తే ఎర్రటి ఖనిజం గుట్టలు ఆవకాయ కలిపిన అన్నంలా కనిపించేవి.

గట్టు మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చునేవారు. ఎడ్వర్డ్ చెప్పేవాడు. పెద్దాయన కళ్ళు మూసుకుని వినేవాడు.

ఒక సాయంత్రం, అమ్మ ఆరోగ్యమ్మ వండే వంజరం చేపల పులుసు.

"మట్టి దాకలో కుతకుతలాడతాది మాస్టారూ. మా అమ్మ గరిటె ఎట్టదు. ముక్క ఇరిగిపోద్దని దాకనే అటూ ఇటూ తిప్పుద్ది."

"అన్నంలో కలిపావా?"

"కలిపీసేను."

"వేడిగా ఉందా?"

"ఏళ్ళు కాలతన్నాయ్."

"ముద్ద నోట్లో పెట్టుకో. ముందు పులుపు తగిలిందా, కారమా?"

ఎడ్వర్డ్ కూడా కళ్ళు మూసుకున్నాడు.

"పులుపు... ఆ తరవాత కారం... ఆకర్ని ఎక్కడో మెంతులు."

"అప్పుడే మింగకు."

ఉప్పటి గాలి ముఖాలకు తగిలి వెళ్ళింది. అలలు ఎక్కడో దూరాన వండుతున్న చప్పుడులా వినిపించాయి.

"చాలు, కడుపు నిండింది," అంటూ లేచాడు పెద్దాయన. "ఇక వెళ్ళాలి. నా భోజనం వేళయింది."

రోజూ అదే మాట అని లేచేవాడు. ఎడ్వర్డ్ టీ ఇప్పిస్తానంటే మాత్రం వద్దనేవాడు.

కొవ్వు ఇంకా తగ్గలేదని స్కానింగ్‌లో తేలిన రోజున ఎడ్వర్డ్ బజ్జీల బండి ముందే నిలబడిపోయాడు. ఫెబా అప్పటికే ఆస్పత్రి మంచం మీద ఉంది. పెద్దాయన దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"రా, ఇవాళ ఏం పెడతావ్?"

ఎడ్వర్డ్ ఆ చెయ్యి విదిలించేశాడు.

"మీకేటి మాస్టారూ! ఇంటికెళ్ళి సుబ్బరంగా తింటారు. కడుపు మాడేవోడికి తెలుత్తాది ఇదేటో!"

పెద్దాయన ముఖం సముద్రం వైపు తిరిగింది.

"నిజమేనయ్యా. అయినా ఫెబా కోసం ఇవాళ్టికి చెప్పు. రేపటి సంగతి రేపు చూద్దాం."

ఎడ్వర్డ్ గొణుక్కుంటూనే గట్టెక్కాడు. గొణుక్కుంటూనే చెప్పాడు. ఆ రోజూ ఏమీ కొనకుండానే బస్సెక్కాడు.

తర్వాతి స్కానింగ్ చూసి డాక్టరు సరేనన్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. అన్నాచెల్లెళ్ళిద్దరూ కోలుకున్నారు. ఫెబా కళ్ళలోని పసుపు పోయి, పాత నవ్వు తిరిగొచ్చింది. నడవగలిగిన మొదటి రోజుల్లోనే ఎడ్వర్డ్ ఆమెను బీచ్‌కి తీసుకొచ్చాడు.

"ఆయన్ని నువ్వు సూడాలే. మనిద్దర్నీ గట్టెక్కించింది ఆయనే."

గట్టు మీద ఆయన లేడు.

"ఆ ముసలాయనా?" అంది బజ్జీలేస్తున్న కాంతం. "ఈ మద్దిన రాడం నేదు బాబూ. ఇల్లు ఆ ఎనక ఈదిలోనే."

ఒక పెద్దావిడ తలుపు తీసింది. ఎడ్వర్డ్ ఇంకా నోరు తెరవకముందే, అతని పక్కనున్న పిల్లని తేరిపార చూసింది.

"ఫెబా కదూ? అయితే నువ్వు ఎడ్వర్డ్‌వి."

"అవునమ్మా. మాస్టారు..."

"పోయిన నెల వెళ్ళిపోయారు బాబూ."

ఫెబా ఎడ్వర్డ్ చెయ్యి పట్టుకుంది. లోపలి నుంచి వంట వాసన కూడా రావడం లేదు.

"ఏటైనాదమ్మా ఆయనకి?"

ఆవిడ ఇద్దర్నీ లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. మెల్లగా చెప్పింది.

"తిండి దిగే దారికి కేన్సరొచ్చి ఆయన నోట్లో మెతుకు పెట్టి ఏళ్ళయింది బాబూ, అంతా పొట్టకు వేసిన గొట్టంలోంచే పోసేదాన్ని, నువ్వు పరిచయమయ్యాక మాత్రం సాయంత్రాలు ఇంటికొచ్చి, ‘ఇవాళ ఎడ్వర్డ్ అన్నం పెట్టాడే’ అనేవారు."