వయొలిన్ లేని పాట

కంప్యూటర్లో వయొలిన్ అని ఉన్న గడిలో రేణుక 'ఎవరో' అని కొట్టింది.

రాగం, తాళం, ఊరు, సంవత్సరం, మృదంగం మీద ఎవరు, అన్నీ శ్రద్ధగా నింపింది. ఆ ఒక్క గడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమెకు ఎక్కడలేని మతిమరుపు వచ్చింది.

పక్కన కూర్చున్న ఇర్ఫాన్ చూసి నవ్వాడు. గిద్దలూరు బస్టాండు ఎదురుగా ఉన్న రికార్డింగ్ స్టూడియో అతనిది. రేణుక నాయన కాటమరాజు కచేరీలన్నీ ఒక హార్డ్ డిస్కులో గజిబిజిగా పడివుంటే, వాటిని వరసలో పెట్టి, పేర్లు రాసి, నెట్‌లో పెట్టే పని ఇద్దరూ కలిసి చేస్తున్నారు.

"ఎవరో ఏందక్కా? అది కొమరోలు శివకృష్ణ గారి వయొలిన్ గదా. గిద్దలూరంతటికీ తెలుసు."

"ఊరికి తెలిస్తే తెలియనీ. నాకు తెలీదు."

"మరీ అంత కచ్చేందక్కా?"

"మా నాయన్ను చంపినోడి పేరు నా చేత్తో రాయాల్నా?"

ఇర్ఫాన్ తర్వాతి కచేరీ తెరిచాడు.

రాచర్లలో గొర్రెలు కాసే ఇంట పుట్టి, సంగీతం నేర్చుకుని, శాస్త్రీయ కచేరీలు చేసినవాడు కాటమరాజు. గొర్రెలోళ్లకు కీర్తనలెందుకని వెక్కిరించినవాళ్ల నోళ్లు పాటతోనే మూయించాడు. అలాంటివాడి గొంతు ఆఖరి మూడేళ్లలో ఎవరికీ సరిగా వినిపించలేదు. పక్కన శివకృష్ణ వయొలిన్ మోత అట్లా ఉండేది. మార్కాపురం తిరునాళ్లలో అయితే, పాట వినబడటం లేదంటూ జనం సగంలోనే లేచిపోయారు. ఇంటికొచ్చి పడుకున్న కాటమరాజు మళ్లీ పాడలేదు. ఏడాది తిరగకుండానే పోయాడు.

శివకృష్ణ మీద రేణుక కడుపుమంట ఆనాటిది. ఇప్పటికీ చల్లారలేదు. చల్లార్చుకోవాలని ఆమెకూ లేదు.

మరునాడు ఆ శివకృష్ణే స్టూడియో మెట్లెక్కి వచ్చాడు. మనిషి బాగా చిక్కిపోయాడు. ఒకప్పుడు రేణుక ఆయన్ను చిన్నాయనా అని పిలిచేది. ఇప్పుడు కుర్చీ కూడా చూపించలేదు.

"ఏం పని మీద వచ్చినారు?"

"మీ నాయన పాటలు నెట్‌లో పెడతన్నావంట. సంతోషం తల్లీ."

"మీ పేరు వెయ్యలేదని అడగడానికి వచ్చినారా?"

"నా పేరెందుకులే. ఆఖరి మూడేండ్లవి మాత్రం పెట్టమాకు."

"ఎందుకు?"

ఆయన ఇర్ఫాన్ వంక చూశాడు. తర్వాత నేల వంక చూశాడు.

"అది చెప్పలేనమ్మా. పెట్టమాకు, అంతే."

"మీ మోత లోకమంతా వింటదని సిగ్గుగా ఉందా?"

"అట్లనే అనుకో తల్లీ. పెట్టకుంటే చాలు."

చేతులు జోడించాడు. అంత పెద్దమనిషి బతిమాలుతుంటే రేణుకకు ప్రాణానికి హాయిగా అనిపించింది. ఇన్నాళ్లకు చిక్కాడనుకుంది.

ఆయన మెట్లు దిగీదిగకముందే ఇర్ఫాన్ వైపు తిరిగింది.

"వయొలిన్ ఒక్కటే తీసేయొచ్చా?"

"ఇప్పుడు సాఫ్ట్‌వేర్లు వచ్చినాయక్కా. ఏ వాద్యానికి ఆ వాద్యం విడదీస్తాయి. గొంతు, మృదంగం ఉంచి వయొలిన్ ఎత్తేయొచ్చు."

"ఆ మూడేండ్ల కచేరీలన్నిట్లో ఎత్తేయి. ముందు మార్కాపురంది."

"పాపం అక్కా, పెద్దాయన..."

"నువ్వు చేస్తావా, ఇంకొకర్ని చూసుకోమంటావా?"

చేశాడు. పెట్టేముందు ఒకసారి మొత్తం విందామన్నాడు.

"మా నాయన గొంతు నాకు కొత్తా? పెట్టేయ్."

పేరు ఆమే కొట్టింది. 'కాటమరాజు గాత్రం, మార్కాపురం తిరునాళ్లు, ఏ అడ్డూ లేకుండా.' కంభం, గిద్దలూరు, మార్కాపురం, ఉన్న గ్రూపులన్నిటికీ పంపింది. అందరికంటే ముందు శివకృష్ణకే పంపింది. ఆయన చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి గానీ జవాబు రాలేదు. రేణుక ఆ పూట కడుపునిండా అన్నం తిన్నది.

సాయంత్రానికి ఆ పాట కింద జనం కామెంట్లు మొదలయ్యాయి.

'మధ్యలో ఆ గుసగుస ఏంది?'

'పక్కనుంచి ప్రతి లైనూ అందిస్తున్నారు, సరిగ్గా వినండి.'

'గొర్రెలు కాసేటోడికి కీర్తన నోటికి వస్తదనుకున్నారా?'

చివరిది చదవగానే రేణుక ఆ కచేరీ తెరిచింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది.

నాయన పల్లవి బాగానే పాడాడు. తర్వాత ఆగిపోయాడు. వయొలిన్ మోగాల్సిన చోట ఇప్పుడేమీ లేదు. అక్కడ ఒక బొంగురు గొంతు అనుపల్లవి మాటలు మెల్లగా చెప్పింది. నాయన అందుకుని పాడాడు. మళ్లీ ఆగాడు. మళ్లీ ఆ గొంతే చెప్పింది. కచేరీ పొడుగునా అదే వరస.

ఆ గొంతు ఎవరిదో రేణుక ఎవర్నీ అడగనక్కర్లేదు. చిన్నప్పటి నుంచి విన్నదే.

ఆ మూడేళ్లూ నాయన చెప్పిందే చెబుతుంటే, అన్నం తిని తినలేదంటుంటే, వయసుతో వచ్చే చాదస్తమని విసుక్కుంది. పాటలు కూడా పోయాయని కన్నకూతురికి తెలియలేదు.

"ఇర్ఫాన్, తీసెయ్. అన్ని చోట్ల నుంచీ తీసెయ్."

"తీసేసినానక్కా. కానీ అప్పటికే శానామంది ఫోన్లలోకి దించుకున్నారు. నవ్వుకుంటా ఒకరికొకరు పంపుకుంటన్నారు."

రేణుక శివకృష్ణకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు.

చెవుల్లో కచేరీ నడుస్తూనే ఉంది. చరణం దగ్గర నాయన పాట ఆపి, భయం భయంగా గొణిగాడు.

"శివా, ఏం పాడాల్నో తెలవట్లేదురా. అందరూ నన్నే చూస్తన్నారు."

"భయపడమాకన్నా," అంది ఆ బొంగురు గొంతు, "మాటలు నేను అందిస్తా, అవి జనానికి వినపడకుండా వయొలిన్ గట్టిగా వాయిస్తా, తిడితే నన్ను తిట్టుకోనీ."