వేరుకి కట్టిన చీటీ

రిటైర్డ్ సూపరింటెండెంటు గారింట్లో చీటీ లేని వస్తువు లేదు.

గొడుగు మీద 'వానకు' అని, టార్చిలైటు మీద 'కరెంటు పోతే' అని ఉంటుంది. ఆయన ఫోన్లో కూడా మనుషులుండరు. 'పాలు', 'ప్లంబరు మంచివాడు', 'ప్లంబరు రెండోవాడు' ఉంటారు.

ఇక వరండాలో వేలాడే ఆర్కిడ్‌లకైతే ఒక్కోదానికి రెండేసి చీటీలు.

ఒకటి కుండీలో, పైకి కనిపించేలా. రెండోది మట్టికి బదులు పోసిన బొగ్గుముక్కల కింద, వేరుకి కట్టి, ఎవరికీ కనిపించకుండా.

"అదెందుకండీ?" అంది భార్య ఒకసారి.

"పైచీటీ అలాగే ఉంచి, మొక్కనే మార్చేస్తే? లోపలి చీటీ పట్టిస్తుంది."

"ఎవరు మారుస్తారు?"

"అది తెలిస్తే చీటీ ఎందుకే?"

పైవాటాలో అద్దెకుండే ఆవిడ పళ్లడాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు రాస్తుంది. ఒంటరి మనిషి. ఆవిడ బాల్కనీ నిండా కూడా ఆర్కిడ్‌లే. ఒక్కదానికీ చీటీ లేదు.

"పేర్లు లేకుండా ఎలా గుర్తుపడతావమ్మా?" అన్నారాయన జాలిగా.

"రోజూ చూస్తాను కదా బాబాయిగారూ."

అదేం పద్ధతో ఆయనకి అర్థం కాలేదు. ఆవిడ నంబరు 'పైవాటా' అని ఎక్కించుకున్నారు. అద్దె రసీదు కూడా 'పైవాటా' పేరనే రాసేవారు.

ఆ ఏడు ఆయన గుండెకి ఆపరేషన్ పడింది. ఇంకో ఊళ్లో పెద్దాసుపత్రి. నెల్లాళ్ల మాట.

బయల్దేరే ముందు మొక్కలకి ఎరువు పోశారు. నెల్లాళ్లు ఉండం కదా అని, నెల్లాళ్లదీ ఒకేసారి పోశారు.

'వరండా' అని చీటీ ఉన్న తాళంచెవి తీసుకెళ్లి భార్య పైవాటా ఆవిడ చేతిలో పెట్టింది.

"వాటికేమైనా అయితే ఈయన తట్టుకోలేరమ్మా. చెడ్డ కబురు చెవిన పడకూడదన్నాడు డాక్టరు."

"నేను చూసుకుంటాను పిన్నిగారూ."

ఆసుపత్రి నుంచి రోజూ ఫోను. డాక్టరొచ్చి ఛాతీ ఎలా ఉందంటే, "ఉండండి, మొక్కల సంగతి కనుక్కుని చెబుతా" అనేవారు.

"బాగున్నాయి బాబాయిగారూ" అనేదావిడ. ఒక్కరోజు మాత్రం కాసేపు ఆగి అంది. ఆయన సిగ్నల్ని తిట్టుకున్నారు.

తిరిగొచ్చేసరికి మొక్కలు నిగనిగలాడుతున్నాయి.

ఇంకొకరైతే సంతోషించేవారు. సూపరింటెండెంటు గారు తనిఖీ చేశారు.

బొగ్గుముక్కల్లోకి వేలు పెట్టారు. లోపలి చీటీ లేదు. పక్క కుండీలో లేదు. ఎందులోనూ లేదు.

"పైచీటీ నాదే. మొక్కే నాది కాదు" అన్నారు, ఇన్నాళ్లకి తన పద్ధతి నెగ్గినందుకు కాస్త ఆనందంగానే.

పైవాటా ఆవిణ్ణి కిందికి పిలిపించారు.

"నా మొక్కలేవి?"

"ఇవే కదండీ..."

"మరి లోపలి చీటీలేవి? ఖరీదైనవి అమ్ముకుని చౌకబారువి పెట్టావు."

"ఇవి బాగా పూస్తాయి బాబాయిగారూ."

"మాట మార్చకు. నీ బాల్కనీ కూడా బోసిగా ఉందేం? నీవేమయ్యాయి?"

"ఇచ్చేశాను."

"ఎవరికి?"

ఆవిడ చెప్పబోయింది. ఆయన చెయ్యి గుండె మీదికి వెళ్లింది. ఆవిడ పిన్నిగారి వంక చూసి, నోరు మూసుకుంది.

"చూశావా, జవాబు లేదు" అన్నారాయన భార్యతో.

"మీరు ఆవేశపడకండి" అని భార్య మాత్ర అందించింది. పైవాటా ఆవిడకి మాటసాయం మాత్రం చేయలేదు.

నెలాఖరుకి పైవాటా ఖాళీ అయింది. వీధిలో కనిపించిన ప్రతివాళ్లకీ ఆయన తన రెండు చీటీల పద్ధతి వివరించారు. పళ్లడాక్టరు కూడా శ్రద్ధగా విన్నాడు. విని, అపాయింట్‌మెంట్లు రాయడానికి ఇంకో మనిషిని చూసుకున్నాడు.

కొన్నాళ్లకి పైన కొత్తవాళ్లు దిగారు. నీళ్లట్యాంకు వెనక ఏదో తొట్టి అడ్డంగా ఉంది, తీయించండన్నారు.

ఆయన, వెనకే భార్య, పైకి వెళ్లి చూశారు.

తొట్టి నిండా కొబ్బరిపీచు పరిచి ఉంది. దాని మీద, జ్వరమొచ్చిన పిల్లల్ని పడుకోబెట్టినట్టు, వరసగా మొక్కలు. ఎవరో బతికించాలని చూశారు. ఒక్కటీ బతకలేదు. వేళ్లన్నీ మాడి నల్లబడ్డాయి.

ప్రతి వేరుకీ ఒక చీటీ. చీటీల మీద ఉప్పులా తెల్లగా పేరుకున్న ఎరువు.

ఆయన గోటితో గీకారు. కింద తన దస్తూరీ.

"ఇవి మనవే కదండీ" అంది భార్య. "మీరు పోసిన ఎరువుకే పోయాయి."

"ఊఁ."

"మరి కింద విరగబూస్తున్నవి?"

ఆయన బాల్కనీలోని ఖాళీ కొక్కేల వంక చూశారు. కొత్తవాళ్లు వాటికి తాడు కట్టి బట్టలారేసుకున్నారు.

"ఒక్కసారి ఫోన్ చెయ్యండి ఆవిడకి."

ఆయన 'పైవాటా' అని వెతికారు. కొత్తవాళ్ల నంబరొచ్చింది.

"పేరుతో వెతకండి."

"పేరేమిటి?"

భార్యకీ తెలీదు.

ఆయన ఫోన్లో 'దొంగ' అని కొట్టారు.

వెంటనే వచ్చింది.