పన్నెండో పేజీ

"ఇది రాసినోడు ఇంజనీరా, ఎడ్లు కాసెటోడా?"

డాక్టర్ వెంకట్రాజం ప్రింటవుట్ కట్టను టేబుల్ మీదికి విసిరాడు.

1988. వరంగల్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ. ల్యాబ్‌లో ముగ్గురే ఉన్నారు. హైదరాబాద్‌లోని ఒక కంపెనీ నుంచి, మొదటి పేజీ లేని ఆ కట్ట తెచ్చిన యాదగిరి ఎదురుగా కూర్చున్నాడు. టెంపరరీ ప్రోగ్రామర్ సాల్మన్ నిలబడి ఉన్నాడు. అతని ఉద్యోగం నెలాఖరుతో సరి. పొడిగింపు కాగితం వెంకట్రాజం జేబులో ఉంది, సంతకం లేకుండా.

కట్టలో ఉన్నది నెట్‌వర్క్ కార్డును నడిపే ప్రోగ్రామ్. యాదగిరి వాళ్ల కంప్యూటర్‌లో ప్రతి పనికీ గడువుంటుంది. గడువు దాటాక వచ్చిన జవాబు ఎంత సరైనదైనా చెత్తబుట్టకే. ప్రోగ్రామ్‌ను దానికి తగ్గట్టు మార్చాలి.

"రాసినాయన్నే తీసుకపోయి ఈ పని అప్పజెప్పాలనుకుంటున్నం. మీ అభిప్రాయం కావాలె సార్," అన్నాడు యాదగిరి.

"పన్నెండో పేజీ చూడుండ్రి. కార్డుకు ఆర్డరిచ్చి ఊకె నిలవడ్డడు. టైము మీద నడిచే సిస్టంల ఆగుడేంది? చాయ్ తాగనీకె పోయిండా?"

"కార్డు తేరుకోనీకె జర టైం కావాలె సార్," అన్నాడు సాల్మన్. అతను కట్టను ముట్టుకోనైనా లేదు. "ఆగకపోతే డేటా సగం ఖరాబయితది."

"నిన్నెవడన్న అడిగిండారా? ఎనుమాముల యార్డుకు పో, మిర్చి బస్తాలు మొయ్యి. ఆడ ఎంతసేపు ఆగినా అడగరు."

ఎదుటివాడు కుంచించుకుపోతే గాని వెంకట్రాజానికి తన ఎత్తు తెలియదు. యాదగిరి వైపు తిరిగాడు.

"ఇసొంటోళ్లతోని ఏగుతున్న. గిసొంటి కార్డుకు నేను సుత రాసిన. దాంతోనే ప్రొఫెసర్నయిన."

"తెలుసు సార్. మరి ఈయన్ని తీసుకోవద్దంటరా?"

"కీబోర్డు ముట్టనియ్యొద్దు. రాసిస్త, తీస్కో."

కట్ట చివరి పేజీ మీద ఎర్ర సిరాతో రాశాడు: 'దీన్ని రాసిన వ్యక్తికి ఈ పనిలో ఓనమాలు రావు.' కింద సంతకం చేశాడు. తేదీ కూడా వేశాడు.

యాదగిరి లేచి, తన కుర్చీని సాల్మన్ వైపు జరిపాడు.

"కూసో అన్నా. ఎప్పుడొస్తవు హైదరాబాద్‌కు?"

వెంకట్రాజం నవ్వబోయి, యాదగిరి అప్పుడే తన బ్యాగులోంచి తీసి టేబుల్ మీద పెట్టిన ఆ కట్ట మొదటి పేజీ మీద, 'రాసినవారు' అన్నచోట, అచ్చయి ఉన్న తన పేరు చూశాడు.